కత్తిబూట్లలో పరుపు

కిందటి నెల బెజవాడలో ఎముకల డాక్టరు నా మడమని బొటనవేలితో నొక్కి, నేను కెవ్వుమన్నాక, చెప్పుల్లో మెత్త వేసుకోవాలని చీటీ రాసిచ్చాడు. ఆ చీటీ పట్టుకుని కొట్టుకి వెళ్తే అక్కడి అమ్మాయి నా ముందు రకరకాల మెత్తలు పరిచింది. ఒకటి జెల్లుదట, ఒకటి ఫోముదట, ఇంకొకటి ఏదో చెట్టు బెరడుతో చేసిందట. "పాదం వంపుని బట్టి తీసుకోవాలి మేడమ్. సపోర్ట్ ఉండాలి, కానీ ఒత్తకూడదు. ఇది వేసుకుని నాలుగడుగులు నడిచి చూడండి. సుఖంగా ఉందా?" అని అడిగింది.

నాకు నవ్వొచ్చింది. ఆపుకుందామంటే ఆగే నవ్వు కాదు. కళ్ళ వెంట నీళ్ళొచ్చేశాయి. ఆ పిల్ల పాపం భయపడి మంచినీళ్ళు తెచ్చిచ్చింది. దానికేం తెలుసు? "సుఖంగా ఉందా" అని నా పాదాల వంక చూసి అడిగే మనిషి ఒకాయన ఉండేవారు, ఆయన పోయి చాలా ఏళ్ళయింది. మా చినమామయ్యగారు, అంటే మా మామగారి తమ్ముడు. పేరు రాయను. రాసినా లాభం లేదు, మా చుట్టుపక్కల ఊళ్ళలో ఆ పేరుతో ఆయన్ని ఎవరూ ఎరగరు. కత్తిబూట్లాయన అంటే మాత్రం ఆగిరిపల్లి దాకా తెలుసు.

నేను నూజివీడు దగ్గర మామిడితోటల ఊరికి కాపురానికి వెళ్ళింది దొరలు దేశం వదిలి వెళ్ళిన మరుసటేడు. గుమ్మంలో బియ్యం కొలత పెట్టి కుడికాలితో తోయమన్నారు. ఇంటిల్లిపాదీ కొత్త కోడలి మొహం ఎలా ఉందో అని మెడలు సాచి చూస్తున్నారు. అరుగు చివర గొంతుక్కూర్చున్న ఒకాయన మాత్రం నా కాళ్ళ వంకే చూస్తూ, "వదినా, పిల్ల ఎడమకాలు మోపట్లేదు. మెట్టె ఒరుసుకుంటోంది చూడు" అన్నారు.

మా అత్తగారికి ఒళ్ళు మండింది. శుభమా అని కోడలు గడపలో అడుగు పెడుతుంటే కాలికి వంక పెడతాడా అని. కానీ ఆయన చెప్పింది అక్షరాలా నిజం. ఆ మెట్టె పీటల మీద నుంచీ నా వేలిని కోసేస్తోంది. ఎవరితో చెప్పుకోను? ఆ ఇంట్లో అందరూ నన్ను భోంచేశావా అని అడిగారు, మీ నాన్న ఏం పెట్టాడని అడిగారు. నొప్పిగా ఉందా అని ఒక్కరు అడిగితే ఒట్టు. మర్నాడు పొద్దున్న ఆయన పిడికెడు బూరుగు దూది తెచ్చి గడప మీద పెట్టి, "మెట్టె కింద పెట్టుకో అమ్మాయ్" అని తలెత్తకుండానే వెళ్ళిపోయారు. ఆ రోజు నుంచి నేను ఆయన పక్షం. ఇప్పటికీ ఆయన పక్షమే, కాబట్టి ఈ రాతలో న్యాయం వెతక్కండి.

ఆయన మనుషుల మొహాలు చూసేవారు కాదు. పెళ్ళిళ్ళలో దగ్గర చుట్టాలు ఎదురొచ్చి పలకరిస్తే వెర్రిమొహం వేసుకుని నిలబడి, ఒకసారి కిందకి చూసి, "ఓహో మీరా అక్కయ్యా!" అనేవారు. పలకరింపు కూడా ఒకటే. బావున్నారా లేదు, వర్షాలెలా ఉన్నాయీ లేదు. గడ్డంతో చెప్పుల వైపు చూపించి, "సుఖంగా ఉందా?" అంతే. కొత్తగా వచ్చిన తాసిల్దారుని కూడా అలాగే అడిగారు. ఆ తాసిల్దారు మెరిసే బూట్లతో, పెద్ద కోపిష్టి అనే పేరుతో వచ్చాడు. ఈ ప్రశ్న వినగానే అరుగు మీద కూలబడి, బూటు విప్పి, చిటికెనవేలి మీద ఆనెకాయ చూపించి, ఇంట్లో పెళ్ళానికి కూడా చెప్పుకోని బాధంతా ఆయనతో చెప్పుకున్నాడు. వచ్చిన పని మర్చిపోయి వెళ్ళాడు.

ఇంతా చేసి ఆయన తిరిగేది ఒట్టికాళ్ళతో. తోటలో తుమ్మముళ్ళ మీద నడిచినా ఆయన పాదానికి ఏమీ అయ్యేది కాదు. ఊళ్ళో అందరి కాళ్ళ బాధా పట్టిన మనిషికి తన కాళ్ళ బాధంటూ లేదు. బహుశా దేవుడు అది చూసే ఆ బూట్లు పంపించి ఉంటాడు.

బందరులో ఒక దొరగారు సీమకి వెళ్ళిపోతూ సామాను వేలం వేస్తున్నాడని తెలిసి మావాళ్ళు బండి కట్టుకుని వెళ్ళారు. మామగారు పడక్కుర్చీ కొన్నారు, మా వారు గోడగడియారం కొన్నారు. చినమామయ్యగారు ఒక లాంతరు తెస్తానని వెళ్ళి, గోధుమరంగు తోలు బూట్ల జత ఒకటి చంకలో పెట్టుకొచ్చారు. బూట్లంటే మామూలు బూట్లు కావు. చీలమండ దాటి పైకి ఉన్నాయి, పొడుగాటి తాళ్ళున్నాయి, అడుగున మడమ నుంచి వేళ్ళ దాకా చెరొక ఇనపకత్తి ఉంది.

ఇంటిముందు జనం చేరారు. కత్తి బూటుకెందుకు అనేది ఎవరికీ అంతు పట్టలేదు. "దొర ఎవణ్ణో తన్ని చంపుంటాడు. ఆ పాపం మన ఇంట్లోకి తేవద్దు" అన్నారు అత్తగారు. తోటలో పనిచేసే నాగులు కాసేపు తిరగేసి చూసి, "నిలబడి కొబ్బరికాయలు ఒలుచుకోడానికేమోనండీ" అన్నాడు. అందరిలోకీ అదే కాస్త నమ్మదగ్గట్టు కనిపించింది.

చివరికి సంగతి తేల్చింది మా అత్తగారి తమ్ముడు. ఆయన సిమ్లాలో గుమాస్తాగా చేసి వచ్చాడు. ఆ మాట చెప్పకుండా మంచినీళ్ళు కూడా అడగడు. "అక్కడ చలికి నీళ్ళు గడ్డకట్టి బండలా అవుతాయి. ఇవి తొడుక్కుని ఆ మంచు మీద జారుతూ, వంకరకర్రలతో ఒక బిళ్ళని కొడతారు. హాకీ అంటారు" అన్నాడు.

"ఎందుకు కొడతారు?" అని అడిగారు అత్తగారు.

చినమామయ్యగారు అడిగిన ప్రశ్న వేరు. "వాళ్ళకి కాళ్ళు నొప్పెట్టవా?"

"ఎందుకు నొప్పెట్టవండీ, చచ్చిపోతారు. పాదం వంపు కింద సరైన మెత్త ఉండాలి. ఆ మెత్త కుదరకే సగం మంది ఆట మానేస్తారు" అన్నాడు సిమ్లా ఆయన.

ఆ ఒక్క మాట చినమామయ్యగారి చెవిన పడకుండా ఉంటే మా ఇంటి కథ వేరేగా ఉండేది. ఆయన అక్కడే అరుగు మీద కూర్చుని బూట్లలో కాళ్ళు దూర్చారు. లేచి నిలబడబోయి, "అమ్మా" అని మళ్ళీ కూర్చున్నారు. ముళ్ళ మీద నడిచిన మనిషికి పుట్టి బుద్ధెరిగాక కాలు నొప్పెట్టడం అదే మొదలు. ఆ మొహం నాకింకా గుర్తుంది. నొప్పి పడ్డ మొహం కాదు, సంబంధం కుదిరిన పెళ్ళికొడుకు మొహం.

అప్పటి నుంచి ఇంట్లో వేరే సంగతి లేదు. బూటులో వేసే మెత్తకి ఆయన పరుపు అని పేరు పెట్టుకున్నారు. ఒక సిద్ధాంతం కూడా తయారు చేసుకున్నారు. నేను పప్పు రుబ్బుతుంటే పెరటి గుమ్మంలో కూర్చుని చెప్పేవారు.

"కాలంటే ఏంటమ్మాయ్? పండు. బూటంటే ఏంటి? గంప. గంపలో పండు ఎందుకు దెబ్బతింటుంది? అడుగున గడ్డి సరిగా పరవక. రసం పండుని మనం హైదరాబాదు దాకా పంపిస్తున్నామా లేదా? ఒక్క నొక్కు పడుతోందా? మరి ఆ దొరలకి ఇంత చిన్న సంగతి తెలియకపోవడం ఏంటి?"

"దొరలకి మామిడి తోటలుండవు కదండీ" అనేదాన్ని నేను.

"అదీ సంగతి" అని తృప్తిగా లేచి వెళ్ళేవారు.

ముందు ఎండుగడ్డి వేశారు. గంప సర్దినట్టే, అడుగున మందంగా, పక్కల పల్చగా, తొడిమ దగ్గర, అంటే మడమ దగ్గర, కొంచెం వెలితిగా. ఎండుగడ్డిలో పెడితే పండు మాగుతుందని మా ఊళ్ళో పాలుతాగే పిల్లకి కూడా తెలుసు. ఆయనకి ఆ క్షణంలో గుర్తు రాలేదు. పొద్దుటినుంచి సాయంత్రం దాకా బూట్లు విప్పకుండా కూర్చుని, దీపాలవేళకి విప్పితే పాదాలు ఎర్రగా, మెత్తగా, వెచ్చగా బయటికొచ్చాయి. చినత్తయ్యగారు, అంటే ఆయన భార్య, ముక్కు దగ్గర కొంగు పెట్టుకుని వంగి చూసి, "మాగాయండీ. రేపటికి తినొచ్చు" అంది.

తర్వాత బూరుగు దూది. అది కూర్చున్నంతసేపూ స్వర్గం, నిలబడితే అట్టడుగుకి అణిగిపోయేది. కొబ్బరిపీచు గుచ్చుకుంది. అరటిదొప్ప చల్లగా ఉంది గానీ కాలు లోపల్లోపలే జారిపోయింది. "లోపల జారితే ఎలా? జారాల్సింది బయట కదా" అన్నారు. బీరపీచు బాగా పనిచేసింది. మొదటి రోజు గింజలు దులపడం మర్చిపోయి కాళ్ళ నిండా పొక్కులు తెచ్చుకున్నారు. అయినా నమ్మకం పోలేదు.

పరీక్ష చేసే పద్ధతి చూసి తీరాలి. కత్తులతో గచ్చు గీరుకుపోతుందని మామగారు ఇంట్లో నడవొద్దన్నారు. అందుకని తోటలో కాయలు సర్దే పాక ముందు ఒక టేకుచెక్క పరిచేవారు. ఒక చెయ్యి నాగులు భుజం మీద, ఇంకో చేతిలో కాయలు కోసే చిక్కం కర్ర. అలా చెక్కమీద నిలబడి కళ్ళు మూసుకునేవారు. మాట్లాడితే ఊరుకునేవారు కాదు. మడమ ఏమంటోందో వినాలనేవారు. కాసేపటికి తీర్పు వచ్చేది. పచ్చి. దోర. కుళ్ళు. పండింది అనే మాట మాత్రం వచ్చేది కాదు. నాగులు భుజం మీద గోళ్ళ గుర్తులు పడి, వాడి భార్య అనుమానపడి పుట్టింటికి వెళ్ళబోతే చినత్తయ్య వెళ్ళి సర్దిచెప్పి తీసుకొచ్చింది.

ఒకసారి ఆగిరిపల్లిలో పెళ్ళికి వెళ్ళాం. చినత్తయ్య తన పెళ్ళినాటి కంచిపట్టు చీర కట్టుకుంది. అక్షింతలు వెయ్యడానికి చెయ్యెత్తేసరికి కొంగులో పెద్ద కన్నం. సరిగ్గా పాదం ఆకారంలో ఉంది, వేళ్ళతో సహా. పక్కనున్నావిడ ఇదేమిటమ్మా అంటే చినత్తయ్య తడబడకుండా, "నేను రోజూ ఆయన పాదాలకి దణ్ణం పెట్టుకుంటాను కదా. ఇవాళ నా చీర కూడా పెట్టుకుంది" అంది. ఇంటికొచ్చాక కొన్నాళ్ళు ఆయనతో మాట్లాడలేదు. ఆయన ఆ సంగతి గమనించలేదు. బీరపీచు మీద పట్టు కుట్టేసరికి దోర దాటిందని ఆయన సంబరంలో ఆయనున్నారు.

"మామయ్యా, ఇంతకీ మనకి మంచు ఎక్కడుందండీ?" అని నేనోసారి అడిగాను. ఉండబట్టలేకే అడిగాను.

"అది వాతావరణం పనమ్మాయ్. మనది పాదం పని" అన్నారు.

మా మామగారు కొంతకాలం చూసీ చూడనట్టు ఊరుకున్నారు. ఒకరోజు భోజనాల దగ్గర, "ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం" అని విసుక్కున్నారు. అని చప్పున నాలిక్కరుచుకున్నారు. చినమామయ్యగారికి పిల్లల్లేరు. వడ్డిస్తున్న చినత్తయ్య చేతిలో గరిటె ఆగింది. చినమామయ్యగారు మాత్రం, "మజ్జిగ పొయ్యవే" అని విస్తరిలోకి చూస్తూ అన్నారు. ఆయనకి ఆ తోటే పిల్లలు. పెద్దరసాల మామిడి అంట్లు సగం ఆయన చేత్తో కట్టినవే. ఏ చెట్టు ఏ ఏడు అలిగిందో, ఏది ముందు పూస్తుందో ఆయన్నే అడగాలి. ఆ సంగతి అన్నగారికి తెలిసినంత ఇంకెవరికీ తెలియదు.

తోట ఆయన చేతిలో ఉందనడానికి గుర్తు పాక తాళంచెవి. అది ఆయన మొలతాడుకి వేలాడేది. గంపలు, నిచ్చెనలు, చిక్కాలు అన్నీ ఆ పాకలోనే. తాళంచెవి ఎవరి దగ్గరుంటే కూలీలు వాళ్ళ మాట వింటారు. మా ఊళ్ళో పెద్దరికం కాగితాల మీద ఉండదు, మొలతాడుకి ఉంటుంది.

గొడవ పెద్దరసాల కోతప్పుడు వచ్చింది. తనకి నచ్చిన పరుపు లోకానికి కూడా మేలు చెయ్యాలని ఆయనకి బుద్ధి పుట్టింది. ఆ ఏడు గంపల అడుగున గడ్డికి బదులు బీరపీచు పరుద్దామన్నారు. చాట్రాయి నుంచి మా ఊరి దాకా ఎండిన బీరకాయ అన్నది లేకుండా తెప్పించారు. కూలీలందరినీ కూర్చోబెట్టి, గింజలు దులిపి పీచు ఒలిపించారు. కాయలు చెట్ల మీదే ఉన్నాయి. "కోద్దామండీ, మబ్బు పడుతోంది" అని నాగులు మొత్తుకున్నాడు. "పరుపు లేకుండా పండుని ఎలా దింపుతామురా" అన్నారు ఈయన. సాయంత్రం గాలివాన వచ్చింది. తెల్లారి చూస్తే పెద్దరసాలు నేలమీద పరుచుకుని ఉన్నాయి.

మామగారు తోటకి వచ్చారు. వెంట చాట్రాయి చుట్టాలున్నారు, సిమ్లా ఆయన కూడా ఉన్నాడు. మామగారు రాలిన కాయల మధ్య నడిచి, పాకలో గుట్టగా పోసిన బీరపీచు చూసి, నెమ్మదిగానే అన్నారు. "ఒరేయ్, ఇంకా నీ చేతిలో తోట ఉంచితే నీకు కాదు, నాకు పిచ్చంటారు జనం. తాళంచెవి ఇచ్చెయ్."

చినమామయ్యగారు మొలతాడు మీద చెయ్యి పెట్టుకుని ఉండిపోయారు. తోట తీసేస్తే ఆయనకి పొద్దున్నే లేచి వెళ్ళడానికి చోటంటూ లేదు. నేనూ చినత్తయ్యా గంపల వెనకాల నిలబడి ఉన్నాం. ఆవిడ నా చెయ్యి పట్టుకుంది, ఆ పట్టుకి నా గాజు చిట్లింది.

సిమ్లా ఆయనకి జాలేసిందో, తమాషా చూద్దామనిపించిందో తెలియదు. "ఒక్కసారి అవకాశం ఇవ్వండి బావా. ఇన్నాళ్ళూ పరుపులు కుట్టాడు కదా, మంచు మీద నిలబడి చూపించమనండి. పిచ్చో కాదో తేలిపోతుంది" అన్నాడు.

మామగారు కోపం మీదున్నారు. "సరే. వచ్చే ఆదివారం మంచు మీద నిలబడి చూపించు. నిలబడితే నీ తోట జోలికి నేను రాను. లేదూ, తాళంచెవి నా చేతిలో పెట్టు" అనేశారు. కోపం దిగాక ఆ మాట ఎంత వెర్రిగా ఉందో ఆయనకే తెలిసి ఉంటుంది. కానీ పదిమందిలో అన్న మాట. మావాళ్ళు ఆస్తి వదులుకుంటారు గానీ పదిమందిలో అన్న మాట వదులుకోరు.

ఎండాకాలంలో మంచు అంటే బెజవాడ ఐసు ఫ్యాక్టరీయే దిక్కు. దిమ్మలు లారీలో హనుమాన్ జంక్షన్ దాకా, అక్కణ్ణుంచి రంపపుపొట్టు కప్పి, తడిపిన గోనెలు చుట్టి ఎడ్లబళ్ళ మీద వచ్చాయి. దారంతా బళ్ళు నీళ్ళు కార్చుకుంటూ వచ్చాయి. పొద్దున్నే పాక ముందు, పేడతో అలికిన కళ్ళంలో, దిమ్మలన్నీ పక్కపక్కన పేర్చారు. గోనెలు తీసేసరికి పొగలు లేచాయి. ఊరు ఊరంతా వచ్చింది. అంత ఐసు ఒక్కచోట చూసిన వాళ్ళెవరూ మాలో లేరు. నాగులు తల్లి ఒక దిమ్మని వేలితో తాకి, కాలిందని కేకపెట్టింది.

మామగారు పడక్కుర్చీ వేయించుకుని గొడుగు కింద కూర్చున్నారు. చినమామయ్యగారు స్నానం చేసి, బొట్టు పెట్టుకుని, కొత్త పంచె కట్టుకుని వచ్చారు. కళ్ళం అంచున పీట మీద కూర్చుని బూట్లు తొడుక్కోవడం మొదలుపెట్టారు. ముందు తాటాకు చాప ముక్క, దాని మీద బీరపీచు, పైన పట్టు. కుడికాలు బాగా కుదిరింది. తాళ్ళు బిగించారు. ఎడమకాలు పెట్టారు. తల అడ్డంగా ఊపి, తీసేశారు. పరుపు బయటికి తీసి దులిపి, మళ్ళీ పరిచి, మళ్ళీ పెట్టారు. మళ్ళీ తీశారు.

ఎండెక్కింది. దిమ్మల అంచులు గుండ్రబడ్డాయి. సందుల్లోంచి నీళ్ళు కాలవలు కట్టాయి. కూలీలు మొదట మొహమాటపడ్డారు, తర్వాత చెంబులు తెచ్చుకున్నారు. ఎవరో రసాలు పిండి ఐసుముక్క వేసుకు తాగి, ఆహా అన్నారు. ఇక పట్టపగ్గాల్లేవు. చాట్రాయి చుట్టాలు కూడా గ్లాసులు పట్టుకుని బయల్దేరారు. సిమ్లా ఆయన ఒక ముక్క నెత్తి మీద పెట్టుకుని, సిమ్లాలో ఇలాగే ఉంటుందని చెప్పాడు. ఆటస్థలాన్ని జనం తాగేస్తున్నారు, ఆటగాడు పీట మీద కూర్చుని పరుపు సవరించుకుంటున్నారు.

చినత్తయ్య బావగారి ఎదుట ఏనాడూ గొంతెత్తిన మనిషి కాదు. ఆయనుంటే తలుపు చాటునుంచే మాట్లాడేది. ఆవేళ కొంగు నడుముకి దోపి కళ్ళంలోకి వచ్చేసింది.

"ఏవండీ! కరిగిపోతోందండీ! కాలు పెట్టండి!"

"ఉండవే. ఎడమ మడమ కింద ముడత ఉంది."

"ముడత కాదండీ, తోట పోతోంది!"

"ముడతతో నిలబడితే అది నిలబడ్డమా? ఒక్క నిమిషం" అని మళ్ళీ పరుపు బయటికి తీశారు.

ఆ నిమిషంలో ఆయన మీద నాకు పట్టరాని కోపం వచ్చింది. కోడల్ని కాకపోతే వెళ్ళి ఆ కాలు నేనే బూట్లో కుక్కేదాన్ని. ఎవరి కోసం ఆ ముడత? దేని కోసం? తోట పోయాక సుఖంగా ఉన్న మడమని ఏం చేసుకుంటాడీ మనిషి? చినత్తయ్య కళ్ళంలోనే కూర్చుని ఏడుస్తోంది. నాకూ ఏడుపొచ్చింది.

చివరికి ఆయన లేచారు. నాగులు భుజం పట్టుకుని కళ్ళం మధ్యకి నాలుగడుగులు వేశారు. అప్పటికి అక్కడ మిగిలింది అప్పడమంత ఐసు, మోకాటి కింద దాకా నానిన మన్ను. ఆ అప్పడం మీద అడుగు వేశారు. అది పుటుక్కుమంది. కత్తులు దిగిపోయాయి, వెంట బూట్లు దిగిపోయాయి. చీలమండలు దాటేదాకా దిగి ఆగాయి. నాగులు చెయ్యి వదిలేశాడు. ఆయన పడలేదు. పడటానికి వీల్లేదు, పాతిన గుంజలా నిలబడ్డారు. కళ్ళు మూసుకున్నారు. జనం చేతుల్లో గ్లాసులు ఆగాయి.

ఆయన కళ్ళు తెరిచారు. "నొప్పి లేదన్నయ్యా! ఎక్కడా లేదు. పండింది!" అన్నారు.

అంత ఆనందంగా ఉన్న మొహాన్ని నేను మళ్ళీ చూడలేదు. నా కోపం ఎటుపోయిందో తెలియదు.

మామగారు కుర్చీలోంచి లేచారు. "మంచు మీద నిలబడమన్నాను. ఇది బురద" అన్నారు.

"నీళ్ళైనా అది మంచేగా బాబుగారూ" అని నాగులు వాదించబోయాడు. మామగారు చూసిన చూపుకి వాడు నోరు మూసుకున్నాడు. మామగారు చెయ్యి చాపారు. చినమామయ్యగారు మొలతాడు నుంచి తాళంచెవి విప్పి అన్నగారి చేతిలో పెట్టారు. మామగారు దాన్ని పిడికిట్లో బిగించి ఇంటి దారి పట్టారు. జనం తలలు వంచుకుని దారిచ్చారు.

అప్పుడు తెలిసింది, చినమామయ్యగారు బయటికి రాలేకపోతున్నారని. నాగులు వెనకనుంచి చంకల్లో చేతులు వేసి లాగాడు. ఆయన రాలేదు. బూట్లు బురదలోంచి రావు, పాదాలు బూట్లలోంచి రావు. పరుపు అంత బాగా కుదిరింది మరి. వంగి తాళ్ళు విప్పుకుందామంటే ముందుకి పడతారు, నాగులు వదిలితే వెనక్కి పడతారు. ఎండకి బురద బిగుసుకుంటోంది. ఎవరో కొమ్మలు కొట్టే కత్తి తెచ్చి, బూట్లు కోసెయ్యమన్నారు. "కొయ్యొద్దు! కొయ్యొద్దురా!" అని చినమామయ్యగారు పసిపిల్లాడిలా అరిచారు. తాళంచెవి ఇచ్చినప్పుడు కూడా ఆయన గొంతు అలా రాలేదు.

ఆ అరుపుకి మామగారు ఆగారు. వెనక్కి వచ్చారు. "కత్తి అవతల పారేయండి" అన్నారు. పంచె పైకి దోపి, బురదలోకి దిగి, తమ్ముడి కాళ్ళ దగ్గర మోకాళ్ళ మీద కూర్చున్నారు.

పెద్దవాడు చిన్నవాడి కాళ్ళు ముట్టుకుంటే చిన్నవాడికి ఆయుక్షీణం అంటారు మాలో. పొరపాటున కాలు తగిలితేనే చిన్నవాళ్ళు కళ్ళకద్దుకుంటారు.

"అన్నయ్యా, వద్దు. నా కాళ్ళు నువ్వు పట్టుకోకూడదు. తప్పు. లే అన్నయ్యా" అని చినమామయ్యగారు వణికిపోయారు. అప్పటిదాకా నొప్పి లేదన్న మనిషి కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి.

"నోర్మూసుకుని నిలబడు" అన్నారు మామగారు.

బురద తోడి ముడి వెతికారు. నానిన తాడు రాయిలా బిగిసిపోయింది. ఒక చేతి పిడికిట్లో తాళంచెవి ఉంది, రెండో చేతి వేళ్ళకి ముడి లొంగడం లేదు. కాసేపు తంటాలు పడి, తలెత్తకుండానే ఆ పిడికిలి పైకి చాపారు.

"ఇది కాస్త పట్టుకో."

చినమామయ్యగారు పట్టుకున్నారు. మామగారు రెండు చేతులతో ముడి విప్పారు. తాడంతా సడలించి, చీలమండ పట్టుకుని నెమ్మదిగా పైకి లాగారు. కాలు వచ్చింది, బూటు అక్కడే ఉండిపోయింది. మామగారు ఆ బూటులోకి చెయ్యి పెట్టి, వేలితో పరుపుని ఒకసారి నొక్కి చూశారు. మళ్ళీ నొక్కారు. రెండో ముడి విప్పారు.

ఇద్దరూ గట్టు మీదకి వచ్చాక చినమామయ్యగారు ఒట్టికాళ్ళతో నిలబడి, తాళంచెవి ముందుకి చాపారు. "అన్నయ్యా, ఇదిగో."

మామగారు మోచేతుల దాకా బురదయిన చేతులు రెండూ ఎత్తి చూపించారు.

"కనపట్లేదుట్రా? చేతులు బాలేవు. నీ దగ్గరే ఉండనీ" అని, బావి వైపు వెళ్ళిపోయారు.